సన్నతీగ కాలిన మోటారు

మొన్న ఆదివారం ఉదయం, మధురవాడలో మేముంటున్న అపార్టుమెంటు కింద నీళ్ళ మోటారు తిరగకుండా మూలగడం వినిపించింది. మాది రెండో అంతస్తు. ఆరేస్తున్న తడిచీరని అలాగే దండెం మీద వదిలేసి, చెప్పులైనా తొడుక్కోకుండా మెట్లు దిగేశాను. వాచ్‌మన్ స్విచ్చి వేస్తున్నాడు, తీస్తున్నాడు, మళ్ళీ వేస్తున్నాడు. ఆపెయ్యమని చెప్పేటప్పటికే ఆ వాసన మొదలైంది. మాడిన బెల్లమూ కాలే లక్కా కలిసినట్టుండే వాసన, ఒకసారి పీల్చినవాళ్ళు మరిచిపోలేనిది. అదృష్టం, కెపాసిటరు ఒక్కటే పోయింది. దాన్ని మార్పించగానే తిరిగింది. అంత పైనుంచి మీకెలా తెలిసింది మేడమ్ అని వాచ్‌మన్ అడిగాడు. ఏదో చెప్పి పైకి వచ్చేశాను. నిజం చెప్పాలంటే సన్యాసిరావు గారి గురించి చెప్పాలి. అది మెట్ల దగ్గర నిలబడి చెప్పే సంగతి కాదు.

నేను తొంభై ఆరులో గాజువాక దగ్గర ఒక ప్రైవేటు శిక్షణ సంస్థలో ఎలక్ట్రికల్ ఇన్‌స్ట్రక్టరుగా చేరాను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. డిప్లొమాలో మంచి మార్కులు వచ్చాయి. సూత్రాలన్నీ కంఠతా వచ్చు. చేత్తో మాత్రం ఇంట్లో ఫ్యూజు వేయడం తప్ప ఏ పనీ చేసి ఎరగను. వర్క్‌షాపులో ఉన్నవాళ్ళందరూ మగవాళ్ళే. వాళ్ళు నన్ను అవమానించలేదు గానీ, నేను షెడ్డులోకి వెళ్ళగానే ఎవరో ఒకరు కుర్చీ తెచ్చి వేసేవారు. ఆ కుర్చీ అంటే నాకు ఒళ్ళు మండేది. కూర్చుని రిజిస్టరు రాసుకోవడానికే వచ్చానని వాళ్ళందరూ ముందే తీర్మానించుకున్నట్టు ఉండేది. కుర్చీ వేయనివారు ఒక్క సన్యాసిరావు గారే.

ఆయన మా సంస్థకి ఎలక్ట్రీషియన్ మేస్త్రీ. అప్పటికి యాభై మూడేళ్ళుంటాయి. ఎలమంచిలి పక్క పల్లెటూళ్ళో వ్యవసాయం చేసుకునే కుటుంబం. రోజూ ప్యాసింజరు ఎక్కి దువ్వాడలో దిగి, స్టేషను దగ్గర స్టాండులో పెట్టిన సైకిలు తీసుకుని వచ్చేవారు. సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉండేవారు. చొక్కా జేబులో టెస్టరు, దాని పక్కన చుట్టల కట్ట. చుట్ట మాత్రం షెడ్డు బయట వేపచెట్టు కిందే. చదువు ఐదో తరగతితో ఆగిపోయిందట. కుర్రతనంలో పోర్టు పక్కన ఒక మరమ్మతు షాపులో చేరి, చూసి చూసి మోటారు వైండింగు నేర్చుకున్నారు. ఊళ్ళో సగం పంపుసెట్లు ఆయన చేతిమీదే నడుస్తున్నాయని అప్పలకొండ చెప్పేవాడు. అప్పలకొండ మా డ్రిల్లింగు మిషను మీద పనిచేసే మనిషి. నలభై ఏళ్ళు దాటినవాడు, నలుగురు పిల్లల తండ్రి, మాట తక్కువ.

ఆ డ్రిల్లింగు మిషను ఎక్కడో మూతపడిన కార్ఖానా నుంచి వచ్చింది. మిగతా యంత్రాలన్నీ త్రీఫేజు, అదొక్కటీ సింగిల్ ఫేజు. మోటారు వయసు నా వయసుకన్నా ఎక్కువే అయి ఉంటుంది. ఆగస్టులో దాని బేరింగులు అరిగిపోతే విప్పి కొత్తవి వేశారు. తిరిగి కనెక్షన్లు ఇవ్వాలి. సన్యాసిరావు గారు ఏదో శుభకార్యానికి రెండు రోజులు సెలవు పెట్టారు. ఆయన వచ్చేదాకా ఆగవచ్చు. నేను ఆగలేదు. ఇరవైమంది విద్యార్థులని చుట్టూ నిలబెట్టి, ఈ మోటారుకి నేనే కనెక్షను ఇస్తాను చూడండి అన్నాను. ఆ కుర్చీ మీద కోపం నన్ను అక్కడిదాకా తీసుకొచ్చిందని ఇప్పుడు తెలుస్తోంది.

సింగిల్ ఫేజు మోటారులో రెండు చుట్లుంటాయి. అడుగున దళసరి తీగ, అది ఎప్పుడూ పనిచేస్తుంది. పైన సన్నతీగ, అది మోటారు బయల్దేరడానికి మాత్రమే. వేగం అందుకోగానే లోపలున్న స్విచ్చి సన్నతీగని తప్పించేస్తుంది. ఈ సంగతి నేను బోర్డు మీద బొమ్మ గీసి పాఠం చెప్పినదాన్నే. కానీ బయటికి వచ్చిన నాలుగు తీగల రంగులు వెలిసిపోయి ఉన్నాయి. మీటరుతో కొలిస్తే ఏది ఏదో రెండు నిమిషాల్లో తేలుతుంది. అందరూ చూస్తున్నారు, మీటరు స్టోరులో ఉంది, తాళం ఇంకొకరి దగ్గర ఉంది. ఎర్రగా కనిపించినదాన్ని ఎర్రదే అనుకున్నాను. సన్నతీగని దళసరి తీగ స్థానంలో బిగించాను.

పాపం మోటారు బయల్దేరింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. శబ్దం కొంచెం బొంగురుగా ఉందని నా చెవికి అనిపించింది, కానీ కొత్త బేరింగులు కదా అని సర్ది చెప్పుకున్నాను. అప్పలకొండకి మిషను అప్పగించి క్లాసుకి వెళ్ళిపోయాను. పావుగంటకి పొగ వచ్చింది. పరిగెత్తుకు వెళ్ళేసరికి అప్పలకొండ మెయిన్ ఆపేసి, మిషను పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. భోజనాల వేళకి షెడ్డు ఖాళీ అయింది. టెర్మినల్ మూత విప్పి, టార్చి వేసి, తీగల వెంట లోపలికి చూశాను. నా తప్పు కళ్ళకి కట్టింది. అప్పుడు నేను చేసినది, ఆ కనెక్షను తప్పు కన్నా పెద్దది. నట్లు విప్పి, తీగలు మార్చి, ఎక్కడివక్కడ సరిగ్గా బిగించి, మూత పెట్టేశాను. ఇప్పుడు ఎవరు చూసినా ముసలి మోటారు దానంతటదే కాలిపోయిందనుకుంటారు.

కానీ ప్రిన్సిపాల్ గారు అలా అనుకోలేదు. మిషను మీద ఉన్నది అప్పలకొండ. మందపాటి పలక పెట్టి మోటారుని ముక్కించి ఉంటావని ఆయన కేకలేశారు. అప్పలకొండ తలెత్తలేదు. "నాను రెండు బెజ్జాలే యేసానండి" అని ఒక్కమాట అన్నాడు. రేపట్నుంచి మిషను ముట్టుకోవద్దు, గేటు దగ్గర కూర్చోమని ఆయన తేల్చి చెప్పారు. నేను అక్కడే, నాలుగడుగుల దూరంలో, హాజరుపట్టీ పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ, రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడు కూడా అదే అనుకున్నాను.

మూడో రోజు సన్యాసిరావు గారు వచ్చారు. మోటారుని బల్లమీదికి ఎక్కించి, మూతలు తీసి, లోపల తిరిగే రోటరు బయటికి లాగి, చాలాసేపు చూశారు. లోపలి స్విచ్చిని వేలితో నొక్కి, వదిలి, కాంటాక్టులు గుడ్డతో తుడిచి వెలుగుకి పెట్టి చూశారు. అప్పట్లో నన్ను మేడమ్ అనేవారు.

"ఈ సన్నతీగ మోటారు లేసేదాకే పని సేత్తాది. తరవాత స్విచ్చి దాన్ని తప్పించీత్తాది. స్విచ్చి సూత్తే సుబ్బరంగా ఉంది. కిందనున్న దళసరి తీగకీ ఏటీ అవలేదు. మరి సన్నతీగొక్కటీ ఎందుకు కాలింది మేడమ్?" అని అడిగారు.

తెలియదన్నాను. అంతవరకు నేను మాట్లాడకుండా దాచాను. అది నోటితో చెప్పిన మొదటి అబద్ధం. ఆయన నావైపు ఒకసారి చూసి, "అయితే ఇప్పీసి సూద్దాం. మీరే ఇప్పండి" అని ఉలీ సుత్తీ నా చేతికిచ్చారు.

కాలిన కాయిళ్ళు ఊడదీయడం ఓపికతో కూడిన పని. పైన బిగించిన వెదురుపుల్లలు ఒక్కొక్కటీ తోసి, వేడి చేసి మెత్తబరిచి, సన్నతీగని కొద్దికొద్దిగా లాగాలి. అడుగున ఉన్న దళసరి తీగకి గీత కూడా పడకూడదు. ఆయన పక్కన కూర్చుని, ఎక్కడ ఆగాలో మాత్రం చెబుతున్నారు. తీగ బొగ్గులా చేతికి అంటుకుంటోంది. పదకొండు గంటలప్పుడు అప్పలకొండ గేటు దగ్గర్నుంచి రెండు గ్లాసులతో టీ తెచ్చాడు. నా గ్లాసు బల్లమీద పెట్టి, మోటారువైపు ఒకసారి చూసి, మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ టీ నేను తాగలేకపోయాను. "మేస్త్రీ గారూ, నేనే చేశాను" అన్నాను. ఆ తర్వాత అన్నీ చెప్పాను. రంగులు, చప్పట్లు, మూత విప్పి తీగలు మార్చడం.

ఆయన ఆశ్చర్యపోలేదు. "తెలుసమ్మా" అన్నారు. "మూత లోపలంతా పొగమసి. నట్లు నాలుగూ మసి పట్టినాక తిప్పినట్టు మెరుత్తన్నాయి. నువ్వు సెప్తావనే సూత్తన్నాను."

నేను చెప్పకపోయి ఉంటేనో అని అడిగాను.

"సాయంత్రం దాకా సూసి నానే సెప్పీసేవోణ్ణి. అప్పలకొండ ఏటి సేసాడని గేటుకాడ కూకోవాల?"

ఆయన గొంతులో కోపం లేదు, మెత్తదనమూ లేదు. మేడమ్ అనడం మాత్రం ఆ క్షణం నుంచి మానేశారు. మళ్ళీ ఎప్పుడూ అనలేదు. ఆ రోజునుంచీ నేను ఆయనకి అమ్మనే.

ప్రిన్సిపాల్ గారి గదిలో ఏం మాట్లాడానో నాకు పూర్తిగా గుర్తులేదు. అప్పలకొండ మధ్యాహ్నానికల్లా మిషను దగ్గరికి వచ్చాడు. నేను అతని దగ్గరికి వెళ్ళి తప్పు నాదని చెప్పాను. అతను ఎటో చూస్తూ తల ఊపాడు. ఆ మోటారు మళ్ళీ తిరిగేదాకా నాతో మాట్లాడలేదు. అది అతని హక్కు. నన్నయితే వర్క్‌షాపులో అడుగు పెట్టవద్దని, పాఠాలు చెప్పి రికార్డులు దిద్దుకోమని ప్రిన్సిపాల్ గారు ఆదేశించారు. ఆ సాయంత్రమే సన్యాసిరావు గారు చెప్పులు బయట విడిచి ఆయన గదిలోకి వెళ్ళారట. తన కళ్ళకి సన్నతీగ ఆనడం లేదనీ, ఆ అమ్మ పక్కన కూర్చుంటేనే మోటారు కట్టగలననీ, లేకపోతే బయట షాపుకి పంపించుకోమనీ చెప్పారట. అందరూ నవ్వుకున్నారు. నన్ను వెనక్కి తేవడానికి ఆయన ఎత్తు వేశారనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను, లోపల ఎంతో పొంగిపోయాను.

వైండింగు నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. పాత కాయిలు కొలతకి చెక్కతో అచ్చు చేసి, దానిమీద కొత్త రాగితీగ చుట్టాలి. చుట్టు మీద చుట్టు పడకూడదు, తీగ మెలిక తిరగకూడదు, మధ్యలో ఎవరు పలకరించినా మాట్లాడకూడదు. మొదటి కాయిలు నేను మూడుసార్లు విప్పి చుట్టాను. మూడోసారి చుట్టాక కూడా ఆయన వేళ్ళతో తడిమి, ఒకచోట ఆగి, ఇక్కడ తీగ గీరుకుందన్నారు. నేను కళ్ళు చికిలించుకుని చూస్తే వెంట్రుకంత గీత కనిపించింది. అది బాగానే పనిచేస్తుంది కదా అన్నాను. పనిచేస్తుంది, వచ్చే వానాకాలం దాకా అన్నారు. సముద్రం గాలి ఊళ్ళో ఆ గీతలోంచి చెమ్మ ఎలా దూరుతుందో, ఆ తర్వాత ఎవరి చేతికి షాకు కొడుతుందో చెప్పారు. విప్పి మళ్ళీ చుట్టాను.

మూడో మధ్యాహ్నం, సన్నతీగ కాయిళ్ళు ఇంకా వేయకముందే, ఆయన నాకొక వింత చూపిస్తానన్నారు. అడుగున ఉన్న దళసరి తీగతోనే మోటారుని తాత్కాలికంగా బిగించి, తీగ కాలకుండా మధ్యలో ఒక పెద్ద బల్బు పెట్టి కరెంటు ఇచ్చారు. మోటారు కదలకుండా మూలిగింది. ఆయన ఇరుసుని చిటికెనవేలితో కుడివైపు తోశారు. కుడివైపు తిరగడం మొదలెట్టింది. ఆపి, ఎడమవైపు తోశారు. ఎడమవైపు తిరిగింది. ఎటు తోస్తే అటు. ఈ మాట నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. కళ్ళతో చూడటం అదే మొదలు. చిన్నపిల్లలా మళ్ళీ మళ్ళీ తోసి చూశాను. అప్పుడు ఆయన చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి అడిగారు.

"ఎందుకమ్మా ఇలాగ? ముప్పయ్యేళ్ళుగా కడతన్నాను. సన్నతీగ పక్క గాడిలో ఎయ్యాలని తెలుసు, ఎందుకెయ్యాలో తెల్దు."

ఎవరినీ అడగలేదా అన్నాను. పోర్టు దగ్గర పనిచేసే రోజుల్లో ఒక ఇంజనీరు గారిని అడిగారట. చెప్పిన పని చెయ్యి, నీకెందుకురా అని అందరిముందూ నవ్వాడట. తర్వాత ఇంకెవరినీ అడగలేదు.

నేను ఉత్సాహంగా కాగితం తీసి తరంగాలు గీశాను. కోణాలు చెప్పాను. సూత్రం రాశాను. ఆయన మర్యాదగా తల ఊపుతున్నారు గానీ ముఖంలో వెలుగు లేదు. ఇంకో కాగితం, ఇంకో బొమ్మ. ఆయనకి అర్థం కావడం లేదని కాసేపు విసుగొచ్చింది. ఆ తర్వాత భయమేసింది, నాకైనా అర్థమైందా అని. చివరికి బొమ్మలు పక్కన పెట్టి, ఒక్క చుట్టు ఉంటే అది ముందుకీ వెనక్కీ తోస్తుందే తప్ప గుండ్రంగా తోయలేదు, ఇంకొకటి పక్కనుంచి, కాస్త ముందుగా తోయాలి అన్నాను. ఆయన మోటారు ఇరుసుని మళ్ళీ ఓసారి తోసి చూశారు.

"అంటే మాయమ్మా పిన్నమ్మా తిరగలి తిప్పినట్టేటి? ఒకలే ఎదురుగుండా కూకుని తోత్తే రాయి బిగిసిపోద్ది. రెండోవోలు పక్కనుండి ఓ ఇసురు ఇసిరితే తిరుగుద్ది. తిరిగినాక ఒకలు సేతులు తీసీసినా పర్లేదు."

సన్నతీగని స్విచ్చి ఎందుకు తప్పిస్తుందో కూడా ఆ మాటలోనే ఉంది. డిప్లొమా అంతా చదివినా, ఆ మోటారు నాకు అర్థమైంది ఆ మధ్యాహ్నమే. ఆయన మాత్రం అందుకా, అందుకా అనుకుంటూ లేచి, చుట్ట వెలిగించుకోవడానికి వేపచెట్టు కిందికి వెళ్ళిపోయారు. అక్కడ గాలిలో రెండు చేతులతో తిరగలి తిప్పి చూసుకోవడం కిటికీలోంచి నాకు కనిపించింది. ఆ సాయంత్రం ప్యాసింజరులో తన పెట్టెలో ఉన్నవాళ్ళందరికీ చెప్పారట. మర్నాడు వచ్చి, ఒక పాలవాడికి తప్ప అందరికీ అర్థమైందని నాకు నివేదించారు.

వార్నిషు పోసి, చెమ్మ ఆరడానికి లోపల బల్బు వేలాడదీసి, రెండు రోజులు వదిలాం. మోటారుని మిషనుకి ఎక్కించాక కనెక్షన్లు నేనే ఇచ్చాను, ఈసారి మీటరు పెట్టి, ప్రతి తీగా రెండుసార్లు కొలిచి. స్విచ్చి వేయమని ఆయన అప్పలకొండని పిలిచారు. అతను నావైపు చూశాడు, తర్వాత మోటారువైపు చూశాడు. స్విచ్చి వేసి, మిషనుని ముట్టుకునే ముందు దాని బాడీకి టెస్టరు పెట్టి చూసుకున్నాడు. మోటారు నిశ్శబ్దంగా తిరిగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అప్పలకొండ ఒక ఇనుపపలక పెట్టి బెజ్జం వేశాడు, బ్రష్షుతో పొట్టు తుడిచి, "బాగుంది" అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరికీ కనపడకుండా నట్లు బిగించే పానాలు సర్దుతున్నట్టు వంగాను.

ఆ తర్వాత ఐదేళ్ళు ఆయన పక్కన పనిచేశాను. నాకు కుర్చీ వేయడం ఎప్పుడు మానేశారో గమనించనేలేదు. ఆయన రెండువేల ఒకటిలో రిటైరయ్యారు. నేను తర్వాత వేరే పెద్ద సంస్థ శిక్షణ విభాగానికి మారాను. పెళ్ళి, పిల్లలు, డ్యూటీలు, ఉత్తరమైనా రాయని సంవత్సరాలు. రెండువేల ఆరులో ఒకరోజు ఎలమంచిలిలో పని పడి, అక్కడినుంచి ఆటో మాట్లాడుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను.

ఆయన వీధి అరుగు మీద పంపుసెట్టు మోటారు పెట్టుకుని కాయిళ్ళు దింపుతున్నారు. నేను ఎదురుగా నిలబడ్డా తలెత్తలేదు. మేస్త్రీ గారూ అన్నాక గొంతు పోల్చుకుని, అమ్మా అని చెయ్యి చాపారు. ఆ చెయ్యి నాకు ఒక జానెడు పక్కగా వచ్చింది. చూపు దాదాపు పోయింది. నన్ను లోపలికి తీసుకెళ్ళిన ఆయన భార్య పైడితల్లమ్మ గారు, షుగరు వల్ల పదేళ్ళ పైనుంచే తగ్గుతూ వచ్చిందనీ, డ్రిల్లింగు మిషను మోటారు కట్టిన నాటికే దీపం చుట్టూ రంగులు కనపడుతున్నాయని చెప్పేవారనీ అన్నారు. ఆ రోజు ప్రిన్సిపాల్ గదిలో ఆయన ఎత్తేమీ వేయలేదు. ఉన్నమాట చెప్పారు. మేమెవరమూ నమ్మలేదు. నాకోసమే చెప్పారనుకుని నేను పదేళ్ళు మురిసిపోయానే తప్ప, మీ కళ్ళు నిజంగా ఎలా ఉన్నాయని ఒక్కసారైనా అడగలేదు. అరుగు మీదికి తిరిగి వచ్చి ఆ మాట ఆయనతో అంటే, నీకోసమూ సెప్పాను, నాకోసమూ సెప్పాను అని నవ్వేశారు.

ఇంతలో మోటారు తాలూకు రైతు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. సన్యాసిరావు గారు నన్ను చూపించి, "ఈవిడే మా మేష్టరమ్మ" అన్నారు. రైతు వెంటనే లేచి నిలబడి దండం పెట్టాడు. తిరగలి సంగతి మీరే చెప్పారటగా అన్నాడు. కాలిన మోటారు తెచ్చిన ప్రతివాళ్ళకీ ఆయన అది చెబుతారట, ఆ ఊళ్ళో అది తెలియనివాళ్ళు లేరట. తిరగలి మాట మీదే కదా, నాకు పని నేర్పింది మీరు కదా అని మేస్త్రీ గారితో గొడవ పెట్టుకున్నాను. ఆయన చేతిలోని కాయిలు పక్కన పెట్టారు.

"పని ఎవులైనా నేరుపుతారమ్మా. నాను అడిగితే నవ్వకుండా సెప్పింది నువ్వొక్కర్తివే" అన్నారు.

ఆ సాయంత్రం బండి వేళయ్యేదాకా ఆయన పక్కన కూర్చుని, గాడుల్లోకి కాయిళ్ళు దింపాను. ఆయన వేళ్ళతో తడిమి చూసి తల ఊపారు. మూడేళ్ళకి ఆయన పోయారని తెలిసింది. దినానికి వెళ్ళాను. అప్పలకొండ నాకన్నా ముందే వచ్చి, షామియానా కింద అందరికీ విస్తళ్ళు వేస్తున్నాడు.

ఇప్పుడు మా శిక్షణ కేంద్రంలో మోటార్లని నడిపేవి కంప్యూటరు లాంటి డ్రైవులు. వాటి సంగతులు కొత్తగా చేరిన పిల్లలకి తెలిసినంత నాకు తెలియవు. నా హోదాలో ఉన్నవాళ్ళు తెలిసినట్టు తల ఊపి సంతకం పెట్టేయడం మామూలే, నాకూ ఆ కోరిక కలుగుతుంది. కిందటి నెల ఒక అమ్మాయి, చేరి ఆరునెలలైనా కానిది, తెరమీద ఏదో సరిచేసి నా సంతకానికి కాగితం తెచ్చింది. నేను కలం మూసి, స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. నువ్విప్పుడేం చేశావో, ఎందుకు చేశావో మొదటినుంచీ చెప్పమన్నాను. ఆ పిల్ల నేను పరీక్ష పెడుతున్నాననుకుని బెదిరింది. పరీక్ష కాదని, నాకు రాదు కాబట్టే అడుగుతున్నానని చెప్పాను. రెండుసార్లు చెప్పింది, అర్థం కాలేదు. మూడోసారి తనే ఒక కాగితం తీసి బొమ్మ గీసింది. అప్పుడు అర్థమైంది. సంతకం పెట్టి, ఆ బొమ్మ నేను ఉంచుకోవచ్చా అని అడిగాను.